ఉద్యోగం వెతకడం వాళ్ల పని, ఫైలు మన పని

పిల్లల ఉద్యోగం పోతే ఇంట్లో పెద్దవాళ్లు ఏం చెయ్యాలనే దాని మీద తిరుపతిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.

అందరికీ నమస్కారం. వెనక కూచున్నవాళ్లకు వినపడకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతా.

ఈ హాల్లో ఎక్కువమంది సర్కారు కొలువు చేసి రిటైరైనవాళ్లే. టీచర్లు, రెవెన్యూ, ఆర్టీసీ, దేవస్థానం. అందుకే ముందు ఒక మాట అడుగుతా. మీ సర్వీసులో ఎవరికైనా ఉద్యోగం పోయింది అంటే మీకు గుర్తొచ్చేది ఏంది? ఛార్జి మెమో. సస్పెన్షను. ఎంక్వైరీ. అవునా కాదా? రాజ్యాంగంలో 311వ అధికరణం ఉంది. మామూలుగా అయితే విచారణ లేకుండా, సంజాయిషీ అడక్కుండా సర్కారు ఉద్యోగిని తీసెయ్యడానికి లేదు. ముప్పై ఏళ్లు ఆ నీడలో బతికినాం. అందుకని ఉద్యోగం పోయిందంటే ఏదో తప్పు జరిగిందనే మన బుర్రకు తోస్తుంది.

బెంగుళూరు నుంచి కొడుకు ఫోన్ చేసి "నాయనా, నన్ను తీసేసినారు" అంటాడు. మన నోట్లోంచి వచ్చే మొదటి మాట ఏంది? "ఏం తప్పు చేసినావురా?" అంతే గదా. ఆ ఒక్క మాటతో వాడు తర్వాత నెలరోజులు మనకేమీ చెప్పడు.

టీచర్లకు బాగా తెలిసిన ఉదాహరణ చెప్తా. బళ్లో పిల్లలు తగ్గితే రేషనలైజేషన్లో పోస్టు సర్‌ప్లస్ చూపిస్తారు. ఆ టీచరమ్మ తప్పేమన్నా ఉందా? పాఠం చెప్పడం రాకనా? పోస్టు లేదు, అంతే. మనల్నయితే ఇంకో బడికి సర్దుతారు. కంపెనీలో సర్దేవాళ్లు లేరు, తేడా అది ఒక్కటే. ప్రాజెక్టు మూసేస్తారు, టీము మొత్తం ఎత్తేస్తారు, ఎక్కువ జీతం వచ్చేవాళ్ల పేర్లు ముందు పెడతారు. బాగా పనిచేసినవాడు కూడా ఆ జాబితాలో ఉంటాడు. కాబట్టి "ఏం తప్పు చేసినావు" అనే ప్రశ్న ఇంటి నుంచే తీసెయ్యండి.

మరి ఏం అడగాలి? మూడు అడగండి చాలు. ఒకటి, నీ ఆఖరి పనిదినం ఏ తేదీ? రెండు, ఏమన్నా సంతకం పెట్టమన్నారా? మూడు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉంటుంది? ఈ మూడూ అడిగి, "సరే నాయనా, భోంచెయ్యి, రేపు మాట్లాడుకుందాం" అని ఫోన్ పెట్టేయండి. ఆ రాత్రికి రాత్రి బస్సెక్కి బెంగుళూరు పోవద్దు. వాడు రమ్మంటే పోండి.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నదంతా ఒక వాక్యంలో పడుతుంది. ఉద్యోగం వెతకడం వాళ్ల పని, ఫైలు మన పని. మీకు సాఫ్ట్‌వేరు రాదు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారో తెలియదు. కానీ కాగితం నడపడం మీకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. సర్వీసు రిజిస్టరు, ఆఖరి జీతం చూపించే ఎల్‌పీసీ, నో డ్యూస్, ఇవన్నీ ఔపోసన పట్టినోళ్లు మీరు. దెబ్బ తిన్న మనిషికి చెయ్యబుద్ధి కాని పని ఇదే. తేదీలు మాత్రం వాడి మనసు కుదుటపడేదాకా ఆగవు.

కాగితాల సంగతి

మొదటి కాగితం, రాజీనామా. "నువ్వే రిజైన్ చేసినట్టు రాసివ్వు, రికార్డు శుభ్రంగా ఉంటుంది" అంటారు. వినడానికి బాగానే ఉంటుంది. ఒక్కరోజు టైము అడగమనండి. ఎందుకంటే, ఉద్యోగం పోతే కొన్ని నెలల ఈఎంఐ కట్టే ఇన్సూరెన్సు కొందరికి లోనుతో పాటు ఉంటుంది. స్వచ్ఛందంగా మానేసినవాళ్లకు అది మామూలుగా రాదు. నష్టపరిహారం అడిగే దారి కూడా సన్నబడుతుంది. రాజీనామా ఇచ్చే పక్షంలో దానికి బదులుగా ఏమిస్తారు, ఎన్ని నెలల జీతం, ఏ తేదీకి అనేది కాగితం మీద రావాలి. నోటిమాట పనికిరాదు. ఈ సంగతి మీకు నేను చెప్పాలా?

రెండోది, చట్టం. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మనకు అవసరమైన ముక్కలు చెప్తా, రాసుకునేవాళ్లు రాసుకోండి. ఉద్యోగి బయటికి వచ్చిన రెండు పనిదినాల్లో వేతన బకాయిలు ఇచ్చెయ్యాలి. ఇదివరకు నెలా నెలన్నర లాగేవాళ్లు. కార్మికుడి నిర్వచనంలోకి వచ్చేవాళ్లను సిబ్బంది తగ్గింపు (రిట్రెంచ్‌మెంట్) కింద తీసేస్తే ఒక నెల నోటీసు గానీ, దాని జీతం గానీ ఇవ్వాలి. పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం పరిహారం. దానిమీద, కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికని ఇంకో 15 రోజుల జీతం, 45 రోజుల్లోపల ఖాతాలో పడాలి. మీ వాడు కార్మికుడి కింద వస్తాడా? వాడి విజిటింగ్ కార్డు మీద ఏముందో చూసి చెప్పలేం. రోజూ చేసే పనిని బట్టి ఉంటుంది. కింద పదిమందిని పెట్టుకుని వాళ్ల సెలవులు మంజూరు చేసే మేనేజరయితే రాడు. మొత్తం పెద్దదయితే లేబర్ కేసులు చూసే లాయరుకు ఒక గంట ఫీజు ఇచ్చి అడగండి, దండగ కాదు.

మూడోది గ్రాట్యుటీ. ఇది మనకు తెలిసిందే, లెక్క మాత్రం వేరు. నిర్ణీత కాలం కాంట్రాక్టు కాకపోతే ఐదేళ్ల సర్వీసు నిండాలి. ఆఖరి బేసిక్, డీఏ కలిపి, దాన్ని 15తో గుణించి, 26తో భాగించి, ఏళ్లతో గుణించాలి. ఆరు నెలలు దాటిన ముక్క పూర్తి ఏడాది కింద లెక్క. బేసిక్ 40,000, సర్వీసు ఆరేళ్ల ఎనిమిది నెలలు అనుకోండి. ఏడేళ్లు పట్టుకోవాలి. 1,61,538 రూపాయలు వస్తుంది. 30 రోజుల్లో ఇవ్వాలి. కొత్త కోడ్ ప్రకారం వేతనం కింద లెక్కేసేది మొత్తం జీతంలో సగానికి తగ్గకూడదు. బేసిక్ ను చిన్నది చేసి అలవెన్సులు పెంచి చూపించిన కంపెనీల దగ్గర ఇది పెద్ద తేడా తెస్తుంది. పే స్లిప్పు ముందు పెట్టుకుని మీరే లెక్కెయ్యండి. వాళ్లిచ్చిన అంకె ఒప్పుకోవడానికి ముందే వెయ్యండి.

నాలుగోది పీఎఫ్. ఇక్కడ మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒక తలనొప్పి ఉంది. ఇంటిపేరు! ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పాన్‌లో వెనక ఉంటుంది, పీఎఫ్‌లో ఒట్టి ఇనీషియలు. క్లెయిము తిరగ్గొట్టేది ఎక్కువగా ఇక్కడే. కంపెనీలో వాడికి ఇంకా పలుకుబడి ఉన్న రోజుల్లోనే, అంటే నోటీసు పీరియడ్లోనే, పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిచేయించుకోవాలి. బయటికొచ్చినాక కంపెనీ హెచ్‌ఆర్ విభాగం ఫోనెత్తదు. ఇంకొకటి, కంపెనీ వదిలిన తేదీ పీఎఫ్ పోర్టల్లో ఎక్కాలి. వాళ్లు ఎక్కించకపోతే ఆఖరి చందా పడిన రెండు నెలల తర్వాత ఉద్యోగే ఎక్కించుకోవచ్చు.

ఆ డబ్బు తియ్యాలా వద్దా? ఇదివరకు రెండు నెలలు ఖాళీగా ఉంటే మొత్తం తీసుకునే వీలుండేది. 2025 అక్టోబరులో ఈపీఎఫ్ ట్రస్టీల బోర్డు మార్పు నిర్ణయించింది. ఉద్యోగం పోయినప్పుడు 75 శాతం వెంటనే, మిగతా 25 శాతం 12 నెలలయినాక. మీరు క్లెయిము వేసే రోజు పోర్టల్లో ఏది చూపిస్తే అదే లెక్క. కానీ నా మాట వింటే దాన్ని ఆఖర్న ముట్టుకోండి. తియ్యకపోయినా వడ్డీ పడుతూనే ఉంటుంది. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే మామూలుగా పన్ను పడుతుంది, వ్యాపారం తగ్గించుకుని కంపెనీయే తీసేసినవాళ్లకు మినహాయింపు ఉంది. మొత్తం 50,000 దాటితే 10 శాతం ముందే పట్టుకుంటారు, అది కూడా పాన్ జతచేసి ఉంటేనే 10. ఐదేళ్లు లెక్కేసేటప్పుడు పాత కంపెనీ ఖాతాను కొత్తదానికి బదిలీ చేసి ఉంటే ఆ సర్వీసు కూడా కలుస్తుంది. ఇక పెన్షను భాగం. 58 ఏళ్లకు పెన్షను రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఎనిమిదేళ్లయినవాడు ఆ భాగం తీసేసుకుంటే ఆ ఎనిమిదేళ్లు పోయినట్టే. దానికి బదులు స్కీము సర్టిఫికెట్ తీసుకోవచ్చు. పెన్షను విలువ ఇక్కడున్న మీకంటే ఎవరికి తెలుసు?

చిన్నవి గబగబా చెప్తా. రిలీవింగ్ లెటరు, అనుభవ ధ్రువపత్రం, ఆఖరి మూడు నెలల పే స్లిప్పులు, కోసిన పన్ను చూపించే ఫారం 16. ఇవన్నీ కంపెనీ ఈమెయిల్లోనే ఉంటాయి, ఆ ఈమెయిలు ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆగిపోతుంది. సొంత కాగితాలు ముందే దించుకోవాలి. కంపెనీ ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తెచ్చుకోకూడదు, అది వేరే కేసు అవుతుంది. షేర్లు కొనుక్కునే హక్కు (స్టాక్ ఆప్షన్లు) ఇచ్చిన కంపెనీ అయితే వాటిని కొనుక్కునే గడువు అడగండి, చాలాచోట్ల 90 రోజులే. శాలరీ అకౌంటులో కొన్ని నెలలు జీతం పడకపోతే అది మామూలు ఖాతా అవుతుంది, కనీస నిల్వ లేదని కోతలు మొదలవుతాయి. ఏడాది మధ్యలో ఉద్యోగం పోతే అప్పటిదాకా ఎక్కువ కోసిన పన్ను రిటర్ను వేసినాక వెనక్కొస్తుంది, అందుకని ఆ ఏడాది రిటర్ను మానొద్దు.

ఇన్సూరెన్సు దగ్గర మాత్రం కాస్త ఆగుతా. ఎందుకంటే ఇది మీ సొంత విషయం. మీ బిడ్డ కంపెనీ పాలసీలో మీ పేర్లు కూడా ఉన్నాయా, చేతులెత్తండి... చూశారా ఎంతమందో. వాడి ఆఖరి పనిదినంతో మామూలుగా మీ కవరు కూడా పోతుంది. మోకాలి ఆపరేషనుకు వేలూరులో తేదీ తీసుకున్నారు, మధ్యలో వాడి ఉద్యోగం పోయింది. ఏం చేస్తారు? ఆఖరి తేదీ లోపల చేయించుకోవడానికి వీలుందేమో డాక్టరును అడగండి. లేదంటే ఆ గ్రూపు పాలసీ ఇచ్చిన బీమా కంపెనీలోనే వ్యక్తిగత పాలసీకి మారతామని కవరు ఉన్న రోజుల్లోనే రాసివ్వండి. అట్ల మారితే ఇన్నాళ్లు గడిచిన నిరీక్షణ కాలం లెక్కలోకి వస్తుంది. కొత్తగా కొంటే మొదటి 30 రోజులు జబ్బులకు ఏమీ రాదు, పాత జబ్బులకు మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ లేదు, ఆ మేరకు ప్రీమియం భారం తగ్గింది. 70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ కింద 5 లక్షల కవరు ఉంది. ఆధార్ పట్టుకుపోయి కార్డు చేయించుకోండి. ఈహెచ్‌ఎస్, అంటే సర్కారు ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం ఉన్నవాళ్లు ముందు అది బతికి ఉందో లేదో చూసుకోండి. పిల్లలదుంది కదా అని దాన్ని గాలికొదిలేసినవాళ్లు ఉన్నారు ఇక్కడ, నాకు తెలుసు.

శ్రీసిటీ, రేణిగుంట వైపు ఫ్యాక్టరీల్లో పనిచేసే పిల్లల తల్లిదండ్రులు కూడా ఉన్నారన్నారు. జీతం 21,000 లోపల ఉండి ఈఎస్‌ఐ కట్టినవాళ్లకు 2018 నుంచి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అని ఒక పథకం ఉంది. సగటు వేతనంలో సగం, 90 రోజుల దాకా, జీవితంలో ఒక్కసారి. గడువు పొడిగిస్తూ వస్తున్నారు, కాబట్టి వేసేముందు ఈఎస్‌ఐ ఆఫీసులో అడిగి వెయ్యండి.

డబ్బు

ఇప్పుడు డబ్బు. వాడి డబ్బు వేరు, మీ డబ్బు వేరు. ముందు వాడిది చూద్దాం.

కొడుకూ కోడలూ ఇద్దరూ కూచుని ఒక కాగితం మీద రెండు అంకెలు వెయ్యాలి. చేతికి వచ్చేదంతా ఒకటి, నెలకు తప్పనిసరి ఖర్చు ఒకటి. ఉదాహరణకు, కంపెనీ లెక్క 3,20,000, బ్యాంకులో 2,80,000, మొత్తం ఆరు లక్షలు. నెలకు 75,000 ఖర్చయితే ఎనిమిది నెలలు వస్తుంది. 60,000కు దించితే పది నెలలు. ఆ రెండు నెలలు చాలా విలువైనవి. ఎందుకు? చేతిలో నెల డబ్బే మిగిలినవాడు వచ్చిన మొదటి ఉద్యోగం, ఎంతకైనా, ఒప్పేసుకుంటాడు. మూడు నెలలు మిగిలినవాడు జీతం మాట్లాడతాడు.

ఈ కాగితం మీరు వెయ్యొద్దు. వాళ్లు వేసుకోవాలి, చూపిస్తే మీరు చూడాలి. కోడలి బంగారం, కోడలి జీతం మీద మీరు సలహా ఇవ్వడం అసలు వద్దు. ఆ ఒక్కటీ గమ్మున ఉండండి.

అప్పుల్లో ఏది ముందు కట్టాలి? క్రెడిట్ కార్డు. కనీస మొత్తం కట్టి ఊపిరి పీల్చుకుంటారు గదా, మిగిలిన దానిమీద చాలా కార్డులకు నెలకు 3 శాతం పైనే వడ్డీ నడుస్తుంది. నెలకు మూడు, ఏడాదికి కాదు! మన ఊళ్లో కాల్‌మనీ వాడికి తీసిపోదు. ఇంటి లోను దగ్గరికొస్తే, చెక్కు బౌన్సయినాక బ్యాంకుకు పోయేవాడి మాటకు విలువ తగ్గుతుంది. మొదటి కంతు తప్పకముందే, తీసేసిన లెటరు పట్టుకుపోయి, కాలపరిమితి పెంచి కంతు తగ్గించమనో, కొన్ని నెలలు వడ్డీ మాత్రం కట్టనివ్వమనో అర్జీ ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఒప్పుకోవడం బ్యాంకు ఇష్టం. అడగందే మాత్రం ఎవరూ ఇవ్వరు. 90 రోజులు దాటితే మొండిబాకీ కింద రాస్తారు. చదువు లోనులోనో, ఇంటి లోనులోనో మీరు సహ రుణగ్రహీతగా సంతకం పెట్టి ఉంటే మీ పేరు మీద కూడా మచ్చ పడుతుంది. ఇంటికి పోయి బీరువాలో ఆ కాగితం తీసి చూసుకోండి.

బెంగుళూరులో ఇల్లు ఖాళీ చేసి తిరుపతికి వచ్చెయ్యాలా? దీని మీద ప్రతి ఇంట్లో గొడవే. నా లెక్క చెప్తా. మొదటి రెండు నెలలు ఖాళీ చెయ్యొద్దు. రెండు నెలల ముందు నోటీసు, పెయింటింగుకని అడ్వాన్సులో కోత, సామాను లారీ, మళ్లీ ఉద్యోగం వస్తే కొత్త అడ్వాన్సు, ఇవన్నీ కలిపితే మిగిలేది ఏమీ ఉండదు. పైగా పిల్లల బడి. ఆఖరి రౌండు ఇంటర్వ్యూలకు ఆఫీసుకు రమ్మనేవాళ్లు ఉన్నారు. ఇక్కడినుంచి బెంగుళూరు 250 కిలోమీటర్లు, పొద్దున పదింటికి ఇంటర్వ్యూ అంటే రాత్రంతా బస్సు. చిత్తూరు వాళ్లకు కొంచెం దగ్గర. ఒంటరిగా పీజీలో ఉండేవాడయితే వేరే మాట, వాడు ఎప్పుడైనా పెట్టె సర్దుకుని రావచ్చు. మూడో నెలలో కూడా పిలుపులు లేకపోతే అప్పుడు నోటీసు ఇమ్మనండి.

ఇప్పుడు మీ డబ్బు. చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు, పెద్దవాళ్లు సుమా, పిల్లలు కాదు. సీనియర్ సిటిజన్ స్కీములో 30 లక్షలు వేసుకుని, మూడు నెలలకోసారి వచ్చే వడ్డీ మీద బతుకుతున్నారు. కొడుకు లోను ముందే తీర్చేద్దామని అది విరిచేస్తారు. ఏడాది లోపల విరిస్తే వడ్డీ మొత్తం పోతుంది, ఒకటి నుంచి రెండేళ్ల మధ్య అయితే అసల్లో ఒకటిన్నర శాతం కోత, ఆ తర్వాత ఒక శాతం. కోత సంగతి అట్ల పెట్టండి. కొడుకు మళ్లీ సంపాదిస్తాడు. మీకు రెండో రిటైర్‌మెంటు డబ్బు ఎవరిస్తారు? ఆ అసలు మొత్తాన్ని కదిలించొద్దు. ఇవ్వాలనుకుంటే నెలనెలా పెన్షనులోంచి ఇవ్వండి. ఎంత, ఎన్ని నెలలు అనేది ముందే చెప్పండి. "నెలకు 15,000, ఆరు నెలలు, మనవడి ఫీజుకు" అంటే అది సాయం. "ఎంత కావాలంటే అంత తీసుకో" అంటే ఇచ్చేవాడికీ తీసుకునేవాడికీ ఇద్దరికీ నిద్ర ఉండదు. బ్యాంకు ద్వారా పంపండి. తండ్రి కొడుక్కో కూతురికో ఇచ్చిన దానికి పన్ను లేదు. ఇంకో బిడ్డ ఉంటే వాళ్లకు ఈ మాట మీరే చెప్పండి. దాచిపెడితే పంపకాలప్పుడు బయటికొస్తుంది.

బంగారం తాకట్టు పెట్టాల్సి వస్తే, చిన్న మొత్తం, తీర్చే తేదీ తెలిసి ఉన్నది మాత్రమే. 2026 ఏప్రిల్ నుంచి 2.5 లక్షల లోపు అప్పుకు బంగారం విలువలో 85 శాతం దాకా ఇవ్వొచ్చని రిజర్వు బ్యాంకు నిబంధన. ఎక్కువ ఇస్తారంటే ఎక్కువ తెమ్మని కాదు, ధర కాస్త పడినా వేలం దగ్గరపడుతుందని. ఇక "టిఫిన్ సెంటర్ పెట్టిద్దాం, ఫ్రాంచైజీ తీసుకుందాం" అనే ఆలోచన... మొదటి మూడు నెలలు ఆ ఊసే ఎత్తొద్దు. బాధలో ఉన్నవాడు పెట్టే వ్యాపారం పెట్టుబడి తినేస్తుంది.

ఇంట్లో

తిరుపతిలో ఇల్లు ఉండటమంటే ఏందో మీకు చెప్పాలా? వారం వారం చుట్టాలు. దర్శనానికొస్తారు, మన ఇంట్లో దిగుతారు. దిగినవాళ్లు కాఫీ తాగుతా అడిగే మొదటి మాట, "అబ్బాయి సెలవు మీద వచ్చినాడా?" మీరేం చెప్తారు? "వర్క్ ఫ్రమ్ హోమ్ అమ్మా." ఆ అబద్ధాన్ని ఇంక వాడు మోయాలి. చుట్టాలున్నన్ని రోజులు లాప్‌టాప్ ముందు కూచుని పని చేస్తున్నట్టు నటించాలి. గంగ జాతరలో వేషం కట్టినవాడు సాయంత్రానికి కడిగేసుకుంటాడు. వీడు నెలల తరబడి కట్టుకుని తిరగాలా? వాడినే అడగండి, ఎవరికి ఎంత చెప్పమంటావని. చాలామంది పిల్లలు "చెప్పెయ్యండి" అనే అంటారు, సిగ్గు మనది. ఒక వాక్యం చాలు. "కంపెనీలో ఆ విభాగం తీసేసినారు, వేరే చూసుకుంటున్నాడు." అని కాఫీ గ్లాసు అందుకోండి.

ఇంకొకటి. "ఖాళీగానే ఉన్నాడు కదా, మామయ్యవాళ్లను కొండకు తీసుకుపో." ఖాళీగా లేడు! ఉద్యోగం వెతకడం పొద్దున తొమ్మిదినుంచి మధ్యాహ్నం ఒకటిదాకా ఒళ్లు హూనమయ్యే పని. కొండకు తీసుకుపోతే క్యూలో ఎంతసేపవుతుందో మీకు తెలుసు, ఫోను లోపలికి తీసుకుపోనివ్వరు, ఆ పూటే రిక్రూటరు ఫోన్ చేస్తాడు. ఒంటిగంట తర్వాత ఇంటి పని చెప్పండి, తప్పకుండా చెప్పండి. ఏ పనీ చెప్పకుండా చుట్టంలా చూసినా వాడికి కష్టమే.

ఒక గది, ఒక తలుపు ఇవ్వండి. ఇంటర్వ్యూ టైములో కుక్కరు విజిలు వద్దు. కరెంటు పోతే వైఫై పోకుండా రౌటరుకు చిన్న బ్యాటరీ బ్యాకప్ దొరుకుతుంది, కొనిపెట్టండి. "ఏమన్నా వచ్చిందా?" అని రోజూ అడగొద్దు. వస్తే చెప్పడా? వారానికి ఒకరోజు పెట్టుకోండి, ఆదివారం సాయంత్రం అనుకుందాం, ఆ రోజు అన్నీ అడగండి. వాడి రెజ్యూమె మీ వాట్సాప్ గ్రూపుల్లో వాడినడక్కుండా వెయ్యొద్దు. మీకు తెలిసినవాళ్లు నిజంగా ఆ రంగంలో ఉంటే, వాళ్ల నంబరు వాడికిచ్చి ఊరుకోండి.

శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ. నవ్వుతున్నారు, అంటే ఇప్పటికే చేయించినవాళ్లున్నారు. చేయించండి, మీకు ధైర్యం వస్తుందంటే ఎవరు వద్దంటారు? ఇంటర్వ్యూ ఉన్న రోజు మాత్రం పెట్టుకోకండి. "నీ జాతకం బాగలేదు" అని వాడి ముఖం మీద అనకండి.

అమెరికాలో ఉన్న పిల్లల సంగతి కొద్దిగా. హెచ్1బీ మీద ఉంటే ఉద్యోగం ఆగిన రోజునుంచి 60 రోజుల దాకా గడువు. అక్కడ ఉండటానికిచ్చిన అనుమతి (ఐ-94) గడువు అంతకంటే ముందే ముగిస్తే అదే హద్దు. ఆ లోపల కొత్త కంపెనీ దరఖాస్తు వెయ్యాలి, లేదా వేరే హోదాకు మారతామని వెయ్యాలి, లేదా బయల్దేరాలి. చదువు తర్వాత ఓపీటీ అనే పని అనుమతి మీద ఉన్నవాళ్లకు ఖాళీ రోజులు మొత్తం కలిపి 90, సైన్సు, టెక్నాలజీ చదువులకిచ్చే స్టెమ్ పొడిగింపు ఉంటే 150. ఆ రోజులు లెక్కపెట్టుకునేది వాళ్లే, మీరు ఫోన్లో "ఇంకెన్ని రోజులు?" అని అడగొద్దు. మన రాత్రి వాళ్ల పగలు. వాళ్ల పనివేళల్లో ఫోన్లు తగ్గించండి. డబ్బు పంపాల్సి వస్తే ఏడాదిలో 10 లక్షలు దాటిన భాగం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది, రిటర్నులో సర్దుబాటవుతుంది.

మోసగాళ్ల సంగతి. ఉద్యోగం పోయినవాడి ఇంటికి వీళ్లే ముందొస్తారు. నిజమైన కంపెనీ ఏదీ డిపాజిట్ అడగదు, వెరిఫికేషన్ ఫీజు అడగదు, లాప్‌టాప్‌కని డబ్బు కట్టమనదు. "బ్యాక్‌డోర్లో పెట్టిస్తా, మూడు లక్షలు" అన్నవాడు దొంగ అనుభవ పత్రం ఇస్తాడు, వెరిఫికేషన్లో దొరికితే ఉన్న ఉద్యోగమూ పోతుంది, కేసూ పడుతుంది. మన ఊళ్లో ఇంకో రకం, దేవస్థానంలో ఉద్యోగం ఇప్పిస్తామని. నమ్మొద్దని టీటీడీయే ఎన్నోసార్లు ప్రకటనలిచ్చింది. విచిత్రమేమంటే, ఇక్కడ మోసపోయేది పిల్లలు కాదు, మనమే. వాడికి తెలియకుండా మనమే కడతాం. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఖాతాల్లో ఆపే అవకాశం అంత ఎక్కువ. విదేశాల్లో డేటా ఎంట్రీ, మంచి జీతం, టికెట్ మేమే ఇస్తాం అంటే ఆ ఏజెంటు పేరు ఈమైగ్రేట్ పోర్టల్లో ఉందో లేదో చూడండి.

ఇంక, కనిపెట్టుకుని ఉండాల్సింది ఒకటుంది. కొన్నాళ్లు నిద్ర పట్టకపోవడం, చిరాకు మామూలే. కానీ రెండు వారాలైనా స్నానం, తిండి పట్టించుకోకపోవడం, గదిలోంచి రాకపోవడం, తాగడం పెరగడం, "నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది" లాంటి మాట, ఉన్నట్టుండి వస్తువులూ పాస్‌వర్డులూ అప్పజెప్పడం, ఇవి చూస్తే ఆగొద్దు. ఆ మాట వింటే మీరే నేరుగా అడగండి, "చచ్చిపోవాలనిపిస్తోందా నాయనా?" అని. అడిగితే ఆలోచన పుడుతుందనే భయం వద్దు, అడిగితే చెప్పుకుంటారు. ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్, 14416, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, తీసుకుపోండి. మాత్రలు వాడితే ఉద్యోగం రాదు అనేది ఒట్టి మాట.

ఇంక మీ ప్రశ్నలు అడగండి.

ఒకాయన అడుగుతున్నారు, "నలభై ఐదేళ్ల కొడుకు, తక్కువ జీతానికి పొమ్మనాలా?" మీరు పొమ్మనాల్సింది లేదు సార్. కానీ వాడు ఒప్పుకుంటే "ఇంతకేనా" అనకుండా ఉండాల్సింది మీరే. ఆ వయసులో ఖాళీ ఆరు నెలలు దాటితే రిక్రూటర్ల ప్రశ్నలు పెరుగుతాయి. పని చేస్తూ ఇంకోటి వెతుక్కోవడం తేలిక.

అక్కడ అమ్మ చెయ్యెత్తారు. చెప్పండమ్మా. "సంబంధం కుదిరే దశలో ఉంది, వాళ్లకు చెప్పాలా?" చెప్పాలమ్మా. నిశ్చయ తాంబూలాల ముందే చెప్పాలి. ఈ రోజుల్లో అమ్మాయి తరఫువాళ్లు లింక్డిన్‌లో చూసుకుంటారు, పే స్లిప్పు అడుగుతారు. తర్వాత తెలిస్తే ఉద్యోగం పోయిన సంగతి పక్కకుపోయి, దాచిన సంగతి మిగులుతుంది. ముందు అబ్బాయి అమ్మాయికి ఫోన్ చేసి తనే చెప్పాలి, ఆ తర్వాత పెద్దవాళ్లు పెద్దవాళ్లకు. కల్యాణ మండపానికి అడ్వాన్సు ఆ మాట అయినాక కట్టండి.